తెర మీది కుడి

పోయిన వారం ఐహమ్‌ని మనం ఎక్కడ వదిలేశామో చాలామందికి గుర్తుండే ఉంటుంది. గుర్తు లేనివాళ్ళ కోసం రెండు ముక్కలు. డమాస్కస్‌లోని బషాయిర్ వైద్య కళాశాలలో హౌస్‌సర్జన్ అతను. ఫిట్స్ వచ్చి ఊపిరి ఆగిపోతున్న రెండేళ్ళ సిద్రాని తల్లి ఎత్తుకొచ్చిన రోజున పెద్ద డాక్టరు ఆపరేషన్‌లో ఉండిపోయాడు. పిల్ల గొంతులో ట్యూబు వేసింది ఐహమే. అంతవరకు బాగానే చేశాడు. ఆ తర్వాత ఎడమ పక్క ఊపిరి వినిపించడం లేదని అటు రొమ్ములోకి సూది దించాడు. శుభ్రంగా ఉన్న ఊపిరితిత్తికి చిల్లు పడింది. పిల్ల ఇంకా తేరుకోలేదు. రేపు కమిటీ కూర్చుంటుంది. ఐహమ్ ఒంటి మీద తెల్లకోటు ఉంటుందో ఊడుతుందో అక్కడే తేలుతుంది. ఈ తప్పుని ఏమనాలో నిపుణురాలిగా చెప్పాల్సింది అనాటమీ ప్రొఫెసర్ రువైదా. ఉన్నదున్నట్టు చెప్తానని డీన్‌కి మాట కూడా ఇచ్చి వచ్చింది.

అందుకే ఈ మధ్యాహ్నం అతన్ని పాత డిసెక్షన్ హాలుకి పిలిపించింది. కాలేజీ మొత్తంలో నల్లబల్ల మిగిలింది అక్కడొక్కచోటే. మిగతా గదుల్లో బల్లలు పీకేసి తెల్లటి తెరలు దించారు. ఆ పని దగ్గరుండి చేయించింది కూడా రువైదాయే. సుద్దపొడికి దగ్గొస్తోంది, ఇక నావల్ల కాదు అని, అందరికంటే ముందు స్లైడ్లకి మారింది ఆవిడ.

ఐహమ్ గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. ఈ కొద్దిరోజుల్లోనే మనిషి సగమయ్యాడు. గడ్డం మాసి, కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి. కోటు మాత్రం నలక్కుండా ఇస్త్రీ చేసి ఉంది. ఇంట్లో తల్లి చేసి పంపుతున్నట్టుంది. ఆ కోటు చూస్తే రువైదాకి జాలేసింది. జాలేసినందుకు తన మీద తనకే చిరాకేసింది. పసిపిల్ల ప్రాణం మీదికి తెచ్చినవాణ్ణి కడిగెయ్యడానికి వచ్చింది గానీ జాలిపడ్డానికి కాదు.

కూర్చోమని కూడా అనలేదు.

"ట్యూబు కాస్త లోతుకి జారిందనుకో. ఏ కొమ్మలోకి పోతుంది?"

మొదటి సంవత్సరం పిల్లలు నిద్దట్లో చెప్పే సంగతి ఇది. గొంతునుంచి దిగిన గాలిగొట్టం రొమ్ములో రెండు కొమ్మలుగా చీలుతుంది. కుడి కొమ్మ వెడల్పు, దాదాపు నిటారుగా దిగుతుంది. ఎడమది సన్నం, పక్కకి వాలి పోతుంది. పిల్లలు మింగబోయిన పుచ్చగింజైనా సరే, డాక్టరు వేసిన ట్యూబైనా సరే, జారితే కుడిలోకే జారుతుంది. అప్పుడు ఎడమ ఊపిరితిత్తికి గాలి అందక అటు నిశ్శబ్దం అయిపోతుంది. ట్యూబుని కాస్త పైకి లాగితే చాలు. సూదులూ అక్కర్లేదు, చిల్లులూ అక్కర్లేదు.

"ఎడమలోకి," అన్నాడు ఐహమ్.

భయంతో తడబడ్డాడనుకుంది రువైదా. ఇంకోసారి అడిగింది. ఇంకోసారీ అదే చెప్పాడు. గొంతులో తడబాటేమీ లేదు. కుర్రాడికి అప్పటిదాకా లేని ధైర్యం కూడా కాస్త వచ్చింది, ఈ ఒక్క ప్రశ్నకైనా జవాబు తెలుసు కదా అన్నట్టు.

"ఎడమలోకే డాక్టరమ్మా. వెడల్పు కొమ్మ అదే కదా. అందుకే నేను మోసపోయింది. ట్యూబు జారిందేమోనని నాకూ అనుమానం వచ్చింది. ఎడమలోకి జారుంటే కుడిపక్క చప్పుడు ఉండకూడదు. కుడిపక్క చక్కగా వినిపిస్తోంది. ఎడమే వినిపించట్లేదు. అంటే ట్యూబు ఉండాల్సిన చోటే ఉంది, ఎడమ ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి నొక్కేస్తోంది అనుకున్నాను. ఆలస్యం చేస్తే పిల్ల పోతుందనుకున్నాను."

రువైదాకి ఒళ్ళు మండింది. "ఆరేళ్ళు చదివి కుడి ఎడమా తెలీకుండా పసిపిల్లని పొడిచావా? ఎవరు చెప్పారయ్యా నీకు ఎడమ అని?"

ఐహమ్ తెల్లబోయి చూశాడు.

"మీరే," అన్నాడు.

ఆవిడ కోపం ఇంతెత్తున లేచింది. సుద్దముక్క తీసి అతని చేతిలో పెట్టి, ఆ చెప్పిందేదో బల్ల మీద గీయమంది. గీస్తేగానీ తప్పు ఒప్పుకోడని ఆవిడ ఉద్దేశం.

అతను సుద్దముక్కని పెన్ను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. వీళ్ళ బాచ్‌కి సుద్ద అలవాటు లేదు మరి. కాసేపు కళ్ళు మూసుకున్నాడు. నీలం రంగు నేపథ్యం, దాని మీద లేతగులాబీ గొట్టం, పెద్ద బొమ్మ, మీ స్లైడు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టు ఉంటుంది డాక్టరమ్మా అన్నాడు. తర్వాత గీశాడు. ఎంత చక్కగా గీశాడంటే, గొట్టం మీద ఉంగరాలతో సహా అన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి. వెడల్పు కొమ్మ ఒక్కటే బల్లకి కుడివైపున ఉంది.

బొమ్మలో ఉన్న మనిషి మనకి ఎదురుగా నిలబడి ఉంటాడు. అతని కుడి మనకి ఎడమవైపు వస్తుంది. వైద్యం చదివే ఎవరికైనా ముందు నేర్పేది అదే. బల్లకి కుడివైపు వెడల్పు కొమ్మ గీశాడంటే అది మనిషికి ఎడమన గీసినట్టే. ఐహమ్ దాని పక్కనే 'ఎడమ' అని రాశాడు కూడా. తను నేర్చుకున్నదాని ప్రకారం అతను తప్పేమీ రాయలేదు.

"పద," అంది రువైదా. "పద, ఆ స్లైడు చూద్దాం."

పెద్ద హాల్లో ఎవరూ లేరు. కిటికీ తెరలు దించి ఉన్నాయి కాబట్టి మధ్యాహ్నమైనా లోపల చీకటే. రువైదా ఎప్పుడూ కూర్చునే చోటే, వెనక ప్రొజెక్టరు పక్కన, కూర్చుని తన పాఠం తెరిచింది. నీలం నేపథ్యం వచ్చింది. గులాబీ గొట్టం వచ్చింది. ఎంత ముచ్చటపడి చేయించుకున్న బొమ్మ అది! అక్షరాలుంటే కళ్ళకి గజిబిజిగా ఉంటుందని, తేటగా బొమ్మ ఒక్కటే ఉండాలని, పట్టుబట్టి పేర్లన్నీ తీసేయించింది.

వెడల్పు కొమ్మ తెరకి కుడివైపున ఉంది.

రువైదా లేచి, వరసల మధ్యనుంచి నడిచి, తెర ముందుకి వెళ్ళి, బొమ్మలో మనిషిలాగే కుర్చీల వైపు తిరిగి నిలబడింది. గులాబీ వెలుగు ఆవిడ మొహం మీద పడింది. వెడల్పు కొమ్మ ఆవిడ ఎడమ భుజం మీదుగా దిగుతోంది.

ఎలా జరిగిందో తెలుసుకోవడానికి పెద్ద విచారణేమీ అక్కర్లేకపోయింది. ఇక్కడ వైద్యం చెప్పేది కుడినుంచి ఎడమకి రాసే అరబ్బీలో. ఆవిడ బయటి దేశాలనుంచి తెప్పించుకున్న బొమ్మలన్నీ ఎడమనుంచి కుడికి నడిచే పేజీల్లో వచ్చాయి. అన్ని పాఠాలూ ఒకే తీరుగా ఉండాలని కాలేజీ కంప్యూటర్ విభాగం వాళ్ళు ఒక్క నొక్కుతో పేజీలన్నిటినీ కుడినుంచి ఎడమకి తిప్పేశారు. పేజీతోపాటు బొమ్మలూ అద్దంలో చూసినట్టు తిరిగిపోయాయి. అక్షరాలున్న బొమ్మల్లో అక్షరాలు తిరగబడి కనిపించేసరికి నాలిక్కరుచుకుని వాటిని సరిచేశారు. అక్షరాలు లేని బొమ్మని చూసి ఎవరికీ ఏమీ అనిపించలేదు. తేటగా ఉండాలని పేర్లు తీసేయించింది రువైదాయే.

మరి ఇన్నేళ్ళూ ఆవిడకి ఎందుకు కనిపించలేదు? ఎలా కనిపిస్తుంది? వెనక చీకట్లో కూర్చుని "కుడి కొమ్మ వెడల్పు" అనేది. తెర మీద కుడివైపే వెడల్పు కొమ్మ ఉండేది. ఆవిడ నోటికీ, పిల్లల కంటికీ లంకె కుదిరిపోయేది. అందరూ తల ఊపేవాళ్ళు. బొమ్మని ఇంటికి మోసుకెళ్ళాక, పరీక్షకి తిరగేసుకున్నాక, చెవిన పడ్డ మాట ఎగిరిపోయి కంట్లో పడ్డ బొమ్మ మిగిలింది. కాలేజీ ఎదురుగా జిరాక్సు కొట్టు వాడు ఆ స్లైడ్లనే పేజీకి ఆరేసి చొప్పున అచ్చేసి అమ్ముతాడు. పుస్తకం తెరిచే పనేముంది ఇక? పరీక్షలో కూడా ఇదే బొమ్మ వేసి గొట్టం పేరేమిటని అడిగేది ఆవిడ. ఏ పక్కది అని అడిగిన పాపాన పోలేదు.

నల్లబల్ల రోజుల్లో అలా కాదు. బొమ్మ ఒక్కో గీతా గీస్తూ ఉంటే పిల్లలూ కూడా గీసేవాళ్ళు. మధ్యలో ఆవిడ గిరుక్కున వెనక్కి తిరిగి, సుద్ద చెయ్యి తన గుండెకి ఆనించి, ఇదిగో ఇటు అనేది. జాకెట్టు మీద సుద్ద మరకలు పడేవి. అయినా ప్రతి ఏడూ వెనక బెంచీ నుంచి ఎవడో ఒకడు లేచి, డాక్టరమ్మా, మన కుడివైపా అతని కుడివైపా అని అడిగేవాడు. క్లాసంతా గొల్లున నవ్వేది. అప్పుడు ఆవిడ వాణ్ణి ముందుకి పిలిచి నిలబెట్టి మళ్ళీ మొదటినుంచి చెప్పేది. స్లైడ్లు వచ్చాక ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. బొమ్మ అంత స్పష్టంగా ఉంది కాబోలని ఆవిడ మురిసిపోయింది. ఒకచోట ఆ సంగతి ఉపన్యాసంలో చెప్పి చప్పట్లు కూడా కొట్టించుకుంది.

ఐహమ్‌కి ఇదంతా చెప్పడం ఆవిడకి చాలా కష్టమైంది. అతని చెయ్యి పట్టుకుని అతని కుడి రొమ్ము మీద పెట్టి, ఇటు నాయనా, ఇటు, అని చెప్పింది. అతను చాలాసేపు తన చెయ్యి వంకే చూసుకున్నాడు. ఆ రోజు ట్యూబుని కాస్త పైకి లాగుంటే పిల్ల ఈపాటికి ఇంట్లో ఆడుకుంటూ ఉండేది కదా డాక్టరమ్మా, అని మాత్రం అడిగాడు. అవునని చెప్పక తప్పలేదు. కుర్రాడు చివరి వరసలో కూలబడి ఏడ్చాడు. ఆవిడా ఏడ్చేదే, కానీ తన ఏడుపు చూసే ఓపిక అతనికి లేదని ఊరుకుంది.

"రేపు కమిటీలో నేను చెప్తాను," అంది. "తప్పు నీది కాదు. నాది."

డీన్ మువఫ్ఫఖ్ చెడ్డవాడేం కాదు. రువైదాని కొడుకు పేరుతో ఉమ్ కినాన్ అని ఆప్యాయంగా పిలిచేవాళ్ళలో ఆయనొకడు. ఆవిడా ఆయన్ని ఆయన కొడుకు పేరుతో అబూ సారీ అనే పిలుస్తుంది. ఆ సాయంత్రం ఆవిడ వచ్చి చెప్పిందంతా అడ్డు తగలకుండా విన్నాడు. యాలకుల కాఫీ తెప్పించాడు. కిటికీలోంచి కాసియూన్ కొండని చూశాడు. తర్వాత చాలా మెల్లగా మొదలుపెట్టాడు. తెర మీద నేర్చుకున్న మొదటి బాచ్ ఐహమ్ వాళ్ళది. ఇప్పుడే వార్డుల్లోకి వచ్చింది, పట్టాలు చేతికి రాబోతున్నాయి. వాళ్ళ వెనక మరికొన్ని బాచ్‌లున్నాయి. ఈ మాట బయటికొస్తే ఏ పట్టాకి విలువుంటుంది? పైనుంచి మంత్రిత్వశాఖ వాళ్ళు ఆవిడ స్లైడ్లనే నమూనాగా మిగతా కాలేజీలకి పంపుదామనుకుంటున్నారు. ఐహమ్‌ని పూర్తిగా తీసెయ్యకుండా ఒక్క ఏడాది వెనక్కి పంపేలా తను చూసుకుంటాడు. కుర్రాడు నిర్లక్ష్యం అని ఒప్పుకుంటే చాలు.

"స్లైడు మార్చేద్దాం ఉమ్ కినాన్. అంతకంటే ఏం కావాలి మీకు?"

"స్లైడు మారుతుంది అబూ సారీ. వాళ్ళ తలలో ఉన్నదాన్ని ఎవరు మారుస్తారు? ఆ బాచ్ పిల్లలంతా ఇవాళ ఎమర్జెన్సీలో డ్యూటీలో ఉన్నారు."

అందరికీ ఓ రోజు పాఠం పెట్టించి పేరెత్తకుండా సరిదిద్దుదాం అన్నాడాయన. ఎప్పుడు అని అడిగింది. పరీక్షలు, మంత్రిత్వశాఖ వాళ్ళ పర్యటనలు అన్నీ అయ్యాక అన్నాడు. రువైదా కాఫీ ముట్టకుండానే లేచింది. ఆవిడ గుమ్మం దాటుతుంటే, ఒక్కసారి ఆలోచించుకోండి, మీ ముప్ఫయ్యేళ్ళ పేరు ఇది అని వెనకనుంచి ఆయన అనడం వినిపించింది. ఆలోచించుకోకుండా ఎలా ఉంటుంది! ఆవిడా మనిషే. మైక్రోబస్సులో ఇంటికెళ్తున్నంతసేపూ, అన్నం కలుపుకుంటున్నంతసేపూ అదే ఆలోచించింది. ఒక్క ఏడాదే కదా, ఇంకా కుర్రవాడే, తట్టుకుంటాడు అని ఓసారి అనిపించింది కూడా. అలా అనిపించినందుకు సిగ్గుపడింది.

మర్నాడు కమిటీ గది బయట వరండాలో సిద్రా తల్లి కూర్చుని ఉంది. గూతా వైపునుంచి వచ్చిన పల్లెటూరి మనిషి. ఒళ్ళో పిల్ల గులాబీ స్వెట్టరు పెట్టుకుని దాన్ని మడతపెడుతోంది, విప్పుతోంది. తెల్లకోటు వేసుకున్నవాళ్ళందరి మీదా ఆవిడకి ఒకటే కోపం. రువైదాని చూసి, లోపలికి వెళ్ళేది మీరేనా, అయితే వాణ్ణి ఊరికే వదిలిపెట్టమాకండి అంది. పాప ఇంకా కళ్ళు తెరవలేదట.

"వాడు చిన్నవాడు, మీరు చెప్పకపోయినా నాకు తెలుసు," అంది ఆ తల్లి. "వాడికి ఈ చదువు చెప్పినవాళ్ళెవరో గానీ, వాళ్ళ కడుపున కూడా పిల్లలుంటారు కదమ్మా?"

తనకీ ఓ కొడుకున్నాడని రువైదా చెప్పలేకపోయింది. కానీ ఎటూ తేలక ఊగుతున్న మనసు ఆ గుమ్మం దగ్గరే ఒక కొలిక్కి వచ్చింది. లోపలికి నడిచింది.

పొడుగాటి బల్ల. ఆ చివర డీన్, పక్కన ఇద్దరు ముసలి ప్రొఫెసర్లు, ఎదురుగా ముద్దాయిలాగ ఐహమ్. రువైదా కూర్చోకుండానే చెప్పడం మొదలుపెట్టింది. దేన్నీ దాచలేదు. బొమ్మ తిరగబడిందనీ, దాన్ని చూసుకోవాల్సింది తనేననీ, కుర్రాడు తను నేర్పిన ప్రకారమే ఆలోచించాడనీ, ఆ ఆలోచనలో పొరపాటు లేదనీ చెప్పింది. ఆ ముసలివాళ్ళిద్దరూ మొహమొహాలు చూసుకున్నారు.

డీన్ శాంతంగా విన్నాడు. "అయితే ఆ స్లైడు చూద్దాం," అన్నాడు.

గోడ మీద నీలం రంగు పడింది. గులాబీ గొట్టం వచ్చింది. వెడల్పు కొమ్మ ఎడమవైపున, ఎక్కడుండాలో సరిగ్గా అక్కడే ఉంది.

రువైదా గోడ దగ్గరికి వెళ్ళి చూసింది. నిన్న అది కుడివైపున ఉండగా తను కళ్ళారా చూసిందే! మార్చేశారు. తను ఈ గదిలోకి వచ్చేలోపే ఎవరో పని కానిచ్చేశారు. ఎవరో ఏమిటి, ఆయన మొహంలోకి చూస్తే తెలిసిపోతోంది. డీన్ కళ్ళు తిప్పుకోలేదు. ఆ చూపులో కక్షేమీ లేదు, ఈపాటికైనా ఆగిపోండి అన్న బతిమాలటం ఉంది. ఆవిడకి అదే ఎక్కువ అసహ్యం కలిగించింది.

"నిన్న ఇలా లేదు," అంది. "ఐహమ్‌ని అడగండి. అతను నేర్చుకున్న బొమ్మ ఎలా ఉండేదో గీయమనండి. అతని బాచ్ అంతా దాన్నే మోస్తోంది."

ఒక ముసలి ప్రొఫెసర్ సరేనన్నాడు. గది మూల కాళ్ళ మీద నిలబెట్టిన తెల్లబల్ల ఉంది. ఐహమ్ లేచి వెళ్ళాడు. పెన్ను మూత తీశాడు, మళ్ళీ పెట్టాడు, మళ్ళీ తీశాడు. రువైదా వంక ఒక్కసారి చూశాడు. ఆ చూపులో ఏముందో ఆవిడకి అప్పుడు అర్థం కాలేదు. గొట్టం గీశాడు, ఉంగరాలు గీశాడు, తర్వాత వెడల్పు కొమ్మని బల్లకి ఎడమవైపున గీశాడు. దాని పక్కన 'కుడి' అని రాశాడు.

"డాక్టరమ్మ ఎప్పుడూ ఇలాగే చెప్పారండీ," అన్నాడు తల ఎత్తకుండా. "నేనే సరిగ్గా వినలేదు. నిర్లక్ష్యం చేశాను."

ఎవరు మాట్లాడించారో, ఏం చెప్పి బెదిరించారో అడగక్కర్లేదు. బెదిరించి కూడా ఉండరు. నీ నోరు పెగిలితే నీ బాచ్ మొత్తం పట్టాలు పోతాయి, నీకు చదువు చెప్పినావిడ రోడ్డున పడుతుంది అని చెప్పుంటారు. వెర్రి కుర్రాడు తన గురించి మానేసి ఆవిడ గురించి ఆలోచించాడు. రువైదాకి వాణ్ణి లాగి ఒక్కటి కొట్టాలనిపించింది. దగ్గరికి తీసుకోవాలనీ అనిపించింది. వాడి మంచితనమే ఇప్పుడు వాడి పీక మీదికొచ్చింది, దాంతో పాటు రేపు ఇంకెంతమంది పసివాళ్ళ మీదికి వస్తుందో వాడు చూసుకోలేదు.

డీన్ గొంతులో నిజంగానే ఆదరం ఉంది. మీరు అలిసిపోయారు ఉమ్ కినాన్, నిద్ర లేదు మీకు, కుర్రాడి మీద ప్రేమ కొద్దీ మీ మీద వేసుకుంటున్నారు, మాకు అర్థమైంది అన్నాడు. ప్రొజెక్టరు ఆపించాడు. ఐహమ్ వైపు చూసి సైగ చేశాడు. ఐహమ్ గుడ్డముక్కతో బల్ల తుడిచేసి వచ్చి కూర్చున్నాడు. ఇక తీర్మానం రాసుకోవడమే మిగిలింది. నిర్లక్ష్యం, ఒక ఏడాది వెనక్కి. ముసలి ప్రొఫెసర్లకి ఇంటికెళ్ళే తొందరొచ్చింది.

అప్పుడే తలుపు తోసుకుని ఓ అమ్మాయి వచ్చింది. హౌస్‌సర్జన్ల తరఫున విద్యార్థి సంఘం నుంచి కమిటీలో కూర్చునే జుమానా. ఐహమ్ బాచే. ఎమర్జెన్సీలో పొద్దుటినుంచి ఊపిరాడని రద్దీ అట, మెళ్ళో స్టెతస్కోపు అలాగే ఉంది, ఒక చేతి గ్లౌజు కూడా తియ్యలేదు. ఆలస్యమైంది క్షమించండి అంటూ కుర్చీ లాక్కోబోయింది.

"కూర్చోకు తల్లీ," అంది రువైదా.

డీన్ ఏదో అనబోయాడు. ముసలి ప్రొఫెసర్లలో పెద్దాయన చెయ్యెత్తి ఆపాడు. అంతసేపటినుంచీ ఆయన ఐహమ్ మొహాన్నే గమనిస్తున్నాడు.

"నువ్వు చిన్నపిల్ల గొంతులో ట్యూబు వేశావు. అది లోతుకి జారిపోయింది. ఎటు పోయుంటుంది? నోటితో చెప్పొద్దు. నీ గుండె మీద చెయ్యి పెట్టి చూపించు."

జుమానా నవ్వింది. ఇంతమంది పెద్దల ముందు ఇంత తేలిక ప్రశ్నా అన్న నవ్వు. క్లాసులో ఎప్పుడూ మొదటి వరసలో కూర్చునే పిల్ల. పరీక్షల్లో పేరు పైనే ఉండేది. ఏమాత్రం తడుముకోకుండా చెయ్యి తీసుకెళ్ళి తన ఎడమ రొమ్ము మీద పెట్టుకుంది.

ఐహమ్ రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. డీన్ కాగితాలు సర్దడం ఆపేశాడు. జుమానా ఒక్కొక్కరినే చూసుకుంటూ వచ్చింది. నవ్వు మెల్లగా పోయింది. చెయ్యి మాత్రం అక్కడే ఉంది.

"ఏమైందండీ? తప్పు చెప్పానా?"

రువైదా వెళ్ళి ఆ పిల్ల చెయ్యి పట్టుకుని కుడివైపుకి జరిపింది. "ఇటమ్మా," అంది. "నేనే మీకు తప్పు నేర్పాను. తెర మీద బొమ్మ తిరగబడింది. మీ బాచ్ మొత్తానికి." ఆ మాట చెప్తూ పెద్దాయన వైపు చూసింది. ఆయన తల పంకించి, ముందున్న తీర్మానం కాగితాన్ని పక్కకి నెట్టేశాడు. గెలిచానని రువైదాకి ఒక్క క్షణం అనిపించింది. ఐహమ్ బతికిపోయాడు.

జుమానా మొహంలో రక్తం లేదు. ఏదో గుర్తు చేసుకుంటోంది. ఒక్కొక్కటే గుర్తొస్తోంది.

"డాక్టరమ్మా," అంది చివరికి. "పోయిన నెల ఒక బాబు వచ్చాడు. వాడికీ ఎడమ పక్కే వినిపించలేదు." ఆగింది. "వాడు బతకలేదు. వాడి కోసం ఎవరూ కమిటీ వెయ్యలేదు."